పాతర మొదలు కోల్డు స్టోరేజి వరకు

గుంటూరు నుండి పడమరకు బయలుదేరిన రైలు నల్లపాడు చేరగానే దారి రెండుగా చీలును. ఒక దారి ఫిరంగిపురము, నరసరావుపేట, వినుకొండల మీదుగా దొనకొండ, మార్కాపురము, గిద్దలూరులను దాటి, నల్లమల కనుమలలో చొచ్చి నంద్యాల చేరును. రెండవ దారి సత్తెనపల్లి, పిడుగురాళ్ళల మీదుగా నడికుడికిని, అచటినుండి మాచర్లకును పోవును. మాఘ ఫాల్గుణ మాసములలో ఆ ప్రాంతమున ప్రయాణము చేసినవారికి ఒక గురుతు మరపునకు రాదు. కళ్ళములలో ఎండుచున్న మిరపకాయల ఘాటు గాలితోపాటు వచ్చి గొంతు పట్టుకొనును. పెట్టెలోని వారందరును ఒక్కమారుగా దగ్గుదురు. ఊరు వచ్చినదని తెలియును.

నల్లపాడు మారుమూల గ్రామము కాదు. గుంటూరు బస్తీ పెరిగి పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. 2012లో ఆ గ్రామము నగరపాలక సంస్థలో భాగమైనది. ఐనను మారుమూల పల్లెల ఆర్థిక చరిత్ర చెప్పబూని మేము ఈ జంక్షను వద్దనే నిలుచుటకు కారణము కలదు. పల్నాటి మెట్టలలోను, వినుకొండ చుట్టుప్రక్కలను, ప్రకాశము జిల్లా పడమటి సీమలోను పండిన ప్రత్తియు మిరపయు గుంటూరు బజారు చేరవలెనన్న, రైలున వచ్చినను రోడ్డున వచ్చినను, చాలవరకు ఈ చాయలకు రాక తప్పదు. దూరపు పల్లె తన కష్టమును బజారు ధరతో తూచుకొను త్రాసునకు ఇది ముల్లు వంటిది.

ఒక చెడుకాలము వచ్చినప్పుడు ఒక పల్లె తట్టుకొని నిలుచును. దాని ప్రక్క పల్లె కూలిపోవును. ఏమి ఉన్నందున మొదటిది నిలిచినది? రోడ్డు, నీరు, బజారు అని మనలో చాలమంది వెంటనే చెప్పుదుము. ఈ మూడింటి విలువను మేము తక్కువ చేయము. కాని గుంటూరు మెట్టపల్లెల చరిత్రను రెండు వందల ఏండ్ల పొడవున చూచినచో ఒక చిక్కు కనబడును. ఈ మూడును వచ్చిన తరువాత కూడ ఆ పల్లెలు కూలిన సందర్భములు కలవు. ఈ మూడును లేనినాడు కొంతకాలము నిబ్బరముగా నిలిచిన సందర్భములును కలవు. మాకు తోచినంతవరకు రైతును నిలిపినది ఆగగల శక్తి. పంట చేతికి వచ్చిన దినముననే అమ్ముకొనవలసిన అగత్యము లేకుండుట, వాన రాని ఏడు అప్పుకై చేయి చాపకుండ గడపగలుగుట, వెల పడిపోయిన నెలలో సరుకును లోపల పెట్టి తలుపు వేయగలుగుట, ఇవియే ఆ శక్తి. ఇది ఎచట ఉండెను, ఎట్లు పోయెను, మరల ఎట్లు వచ్చుచున్నది అనునదే మా కథ.

పూర్వము ఆ శక్తి భూమిలో ఉండెడిది. మాట వరుసకు అనుట లేదు. నిజముగనే భూమిలోపల ఉండెడిది. మెట్టసీమలో ముఖ్యాహారము జొన్న. వరిగయు, కందియు, ఆముదమును, ప్రత్తియు దాని తోడివి. నల్లరేగడి నేలలో కొన్ని సాళ్ళు ప్రత్తి, కొన్ని సాళ్ళు కంది, వరిగ కలిపి వేయుట వాడుక. వానతీరు ఎట్లున్నను ఏదో ఒకటి ఇల్లు చేరును. జొన్నలు ఇంటికి వచ్చిన తరువాత ఏటి తిండికి కావలసినవి గాదెలోను పురిలోను పోసి, మిగిలినవి పాతర వేసెడివారు. నీరు ఊరని మెరకచోట బావి వలె గుంత త్రవ్వుదురు. నోరు ఇరుకు, కడుపు వెడల్పు. అడుగునను ప్రక్కలను గడ్డి దట్టముగా పేర్చి, నడుమ జొన్నలు పోసి, పైన మరల గడ్డి కప్పి, మట్టితో మెత్తి మూసివేయుదురు. గాలి చొరదు కాబట్టి పురుగు పట్టదు. ఏండ్ల తరబడి గింజ నిలుచును. కొంచెము ముక్కిన వాసన వచ్చునన్న మాట నిజమే. పాతరజొన్న అన్నము తిన్నవారు ఆ వాసనను మరచిపోరు. కాని కరవునాడు వాసన ఎవరికి పట్టును?

పాతర తీయుటలో ఒక జాగ్రత్త కలదు. మూత విప్పిన వెంటనే లోపలికి దిగిన మనిషి పైకి రాడు. లోపలి గాలి చెడి ఉండును. అందుచేత మూత తీసి ఒక పూట ఆరనిచ్చి, దీపము దింపి చూచి, అది ఆరకున్ననే మనిషిని దింపుదురు. రసాయన శాస్త్రము చదువని పల్లెవాడు అనుభవమున నేర్చిన పాఠమిది.

ఈ పాతరలను తలచుకొని పూర్వకాలమును పొగడువారు కలరు. మేము ఆ పొగడ్తలో పూర్తిగా పాలుపంచుకొనలేము. పాతర ఎవరిది? మోతుబరి రైతుది. ఆయన పొలములో పనిచేసిన పాలేరుకు, మాలపల్లెకు, మాదిగపల్లెకు పాతర లేదు. కళ్ళములో కొలిచి ఇచ్చిన గింజలే ఉండెను. పాతర తెరచినప్పుడు వారికి నాలుగు కుంచములు అప్పుగా దొరకవచ్చును, దొరకకపోవచ్చును. ఆగగల శక్తి ఊరికి ఉన్నదనుట వేరు, ఊరిలో కొందరికి ఉన్నదనుట వేరు. ఈ తేడా నేటికిని తీరలేదు.

నందన నామ సంవత్సరమున, అనగా 1832లో, వానలు లేకపోయెను. ఆ మరుసటి ఏడాదిలోను సాగిన ఆ ఘోరమును గుంటూరు సీమవారు నందన కరవనిరి. డొక్కల కరవనియు అనిరి. నాటి గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనముండగా అందు రెండు లక్షల వరకు మరణించిరని లెక్క. మద్రాసు పోవు బాట పొడవున శవములు పడియుండెను. కదలగలిగినవారు దక్షిణమునకు నడచిరి. నడువలేనివారు ఊళ్ళలోనే పోయిరి. పశువులును అట్లే పోయినవి.

ఒక్క వాన తప్పుటచే ఇంత జరిగినదా? కాదు. నాటి రైతు శిస్తును రూకలలో చెల్లింపవలసి ఉండెను. జమీందారులు సర్కారు బాకీలలో మునిగియుండిరి. ఆ ఒత్తిడి క్రిందికి దిగి దిగి రైతు గాదెవరకు వచ్చెను. గింజను పాతర వేయుటకు మారుగా అమ్మవలసి వచ్చినప్పుడు పాతర వట్టి గుంతగా మిగులును. దూరమునుండి ధాన్యము రావలెనన్న బాటలు లేవు. నాడు దేశమంతట గింజలు మోయునది లంబాడీల ఎద్దుల మందలు. త్రోవలో మేతయు నీరును లేని ఏడు ఆ ఎద్దులు నడువజాలవు. అందుచేత ఎచ్చటనో గింజ ఉన్నను ఇచ్చటికి రాలేదు. ఆ దెబ్బనుండి గుంటూరు జిల్లా చాల ఏండ్లవరకు తేరుకొనలేదు. 1840ల నడుమ వాల్టర్ ఇలియట్ దొర వచ్చి జిల్లా దుస్థితిని విచారించెను. 1846లో జమీందారీలను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. అటుపిమ్మట కృష్ణకు బెజవాడ వద్ద ఆనకట్ట కట్టవలెనను వాదమునకు ఈ కరవే బలమిచ్చినది. ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది.

ఐతే నీరు పల్లమెరుగును. కృష్ణ కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల డెల్టాకు పారినవి. నల్లపాటికి పడమరగా ఉన్న మెట్టకు ఒక్క చుక్కయు ఎక్కలేదు. ఒకే జిల్లాలో రెండు లోకములు ఏర్పడినవి. డెల్టా రైతు వరి పండించి పిల్లలను చదివించెను. మెట్ట రైతు ఆకాశము వైపు చూచుచుండెను. ఆ మెట్ట రైతునకు మొదటి మారు చేతినిండ రూకలు చూపినది దూరదేశపు యుద్ధము. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమువలన లాంకషైరు మిల్లులకు ప్రత్తి అందకపోగా హిందూదేశపు ప్రత్తికి వెల పెరిగెను. గుంటూరు, కృష్ణా మెట్టలలో పండు కొంచెము ఎర్రజాడగల ప్రత్తి కాకినాడ రేవునుండి ఎగుమతి యగుటచే లోకమున దానికి కోకనాడ ప్రత్తియను పేరు నిలిచినది. పండినది గుంటూరులో, పేరు కాకినాడది. ఇట్టివి మనకు క్రొత్త గాదు. యుద్ధము ముగియగానే వెలలు దిగెను. ఎక్కడి యుద్ధము, ఎక్కడి పల్లె! ఐనను ఆనాడు పల్లెకు పెద్ద నష్టము కలుగలేదనియే మేము తలచుచున్నాము. ఏలయనగా చేనిలో ప్రత్తితోపాటు జొన్నయు కందియు ఇంకను ఉండెను. ప్రత్తి మోసగించినను పొయ్యి ఆరలేదు.

అటుతరువాత రైలు వచ్చినది. ధాత నామ సంవత్సరమున మొదలైన 1876-78 నాటి మహాక్షామము పిమ్మట, కరవు సీమలకు గింజలు చేర్చుటకై రైలు మార్గములు వేయవలెనని దొరతనమువారు నిశ్చయించిరి. పందొమ్మిదవ శతాబ్దము ముగియులోపల గుంతకల్లు నుండి గుంటూరు వైపునకు చిన్నగేజి రైలు నడచెను. నందన కరవునాడు ఈ రైలే ఉండినచో లక్షలమంది బ్రదికియుందురనుటలో సందేహము లేదు. కాని రైలు రెండువైపుల నడచును. గింజను తెచ్చు బండియే గింజను కొనిపోవును. జొన్నకును బయటి వెల వచ్చినది. పాతర వేయుటకంటె అమ్ముటయే లాభమని తోచినది. కరవును ఆపు బాధ్యత పాతరనుండి రైలునకు మారెను. రైలునకు రూకలు కావలెను. రూకల కొరకు షావుకారు కావలెను. చేనుమీద ప్రత్తి విచ్చకముందే వెల కుదిర్చి బయానా ఇచ్చు పద్ధతి పల్లె పల్లెకు పాకినది. బయానా తీసికొన్న రైతు ఆగలేడు. ఆగుట ఇక షావుకారు వంతు.

ఈ సంగతిని చక్కగా గ్రహించిన అధికారి ఫ్రెడరిక్ నికల్సన్. మద్రాసు రాజధానిలో వ్యవసాయ బ్యాంకులు నెలకొల్పుట సాధ్యమా యని విచారించి 1895లోను 1897లోను ఆయన రెండు సంపుటముల నివేదికను వెలువరించెను. జర్మనీలో రైఫైజన్ అను మహనీయుడు పల్లెలలో స్థాపించిన పరపతి సంఘముల వంటివి ఇచట కావలెనని ఆయన తేల్చెను. ఆ సంఘముల కిటుకు చిన్నది. సంఘము ఒక ఊరిని మించరాదు. సభ్యులందరికి ఒకరి గుట్టు ఒకరికి తెలిసియుండవలెను. ఒకడు ఎగవేసిన అందరును పూచీ. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. కృష్ణా జిల్లానుండి విడివడి గుంటూరు మరల ప్రత్యేక జిల్లా యైనదియు ఆ సంవత్సరముననే.

సంఘములు వెలసినవి. బోర్డులు వ్రేలాడినవి. ఏబది ఏండ్ల పిమ్మట, 1951-52లో, దేశమంతట జరిగిన గ్రామీణ పరపతి సర్వే ఫలితములు చూచినవారు నివ్వెరపోయిరి. రైతులు చేసిన అప్పులలో సహకార సంఘముల వాటా నూటికి మూడు మాత్రమే. వడ్డీవ్యాపారుల వాటా నూటికి డెబ్బది. అర్ధశతాబ్ది కృషికి మూడు పాళ్ళు! సంఘము విత్తనాలనాడు అప్పు ఇచ్చెను గాని కోతనాడు రైతు ప్రక్కన నిలువలేదు. సంఘపు కిస్తీ కట్టుటకే రైతు పంటను తొందరగా అమ్మెను. కొన్నది ఆ షావుకారే. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యమున వెలలు కూలినప్పుడు ఈ లోపము బట్టబయలైనది. 1933లో వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టమును, 1938లో రైతు ఋణవిమోచన చట్టమును మద్రాసు ప్రభుత్వము చేసెను. మొదటిది త్రాసును సరిచేయుటకు, రెండవది అప్పును కోయుటకు. రెండును మంచివే. కాని అప్పు కోసిన మరుసటి ఏడు రైతునకు మరల అప్పు కావలెను గదా! 1954లో వెలువడిన సర్వే నివేదిక అప్పును, అమ్మకమును, గిడ్డంగిని ఒకే త్రాట కట్టవలెనని చెప్పెను. దాని ఫలముగనే 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ పుట్టినది.

ఇక్కడ ఒక్కమాట ప్రక్కకు పోయి చెప్పవలసి ఉన్నది. ఆగగల శక్తి గింజలలోను రూకలలోను మాత్రమే ఉండునని శ్రోతలు తలపరాదు. 1922 మొదటి నెలలలో ఈ మెట్టసీమలోనే పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున శిస్తు చెల్లించుట మానివేసిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. జప్తునకు వచ్చిన సర్కారు మనుష్యులకు ఊళ్ళలో పలికినవారు లేరు. మహాత్ముని ఆదేశముచే ఆ ఉద్యమము ఆగినది గాని, ఒక ఫిర్కా ఊళ్ళన్నియు ఒక్కమాటపై నిలువగలవని లోకమునకు తెలిసినది. అంతటి కట్టుబాటు గల సీమలో సహకార సంఘములు నూటికి మూడు పాళ్ళ దగ్గర నిలిచిపోవుట మాకు ఇప్పటికిని వింతగనే తోచును.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పల్నాటి మెట్టలను చీల్చుకొని తూర్పునకు వచ్చినది. తాతలనాటి కల పండినది. ఆ వెనువెంటనే మరియొక వరము: 1970లో గుజరాతునుండి హైబ్రిడ్-4, 1972లో ధార్వాడనుండి వరలక్ష్మి, సంకర ప్రత్తి విత్తనములు వచ్చినవి. గుంటూరు రైతు ఆ క్రొత్త సేద్యమును అందుకొన్న వేగము అపూర్వము. ఎకరమునకు వచ్చు రాబడి చూచి జొన్నను, వరిగను విడిచెను. కందిసాలు పోయెను. చేనంతయు తెల్లగా విచ్చినది. ఇక్కడి భూమి చాలక గుంటూరు రైతులు రాయచూరునకును వరంగల్లునకును వలసపోయి నల్లరేగడి కొని, కౌలునకు పట్టి ప్రత్తి వేసిరి. ఇండ్లు మిద్దెలైనవి. పాతరలను పూడ్చివేసిరి, వాటిమీద బాటలు పడినవి, కొన్నింటిమీద ఇండ్లే లేచినవి. ఎవ్వరును చింతింపలేదు. చింతింపవలసిన కారణమును నాడు కనబడలేదు.

ఆ వైభవపు లోపలి లెక్క వేరుగా ఉండెను. విత్తనము కొననిదే లేదు. ఎరువు కొననిదే లేదు. పురుగుమందు కొననిదే పంట నిలువదు. ఈ మూడింటిని అప్పుమీద ఇచ్చు కొట్టు ఒకటి ప్రతి బస్తీలోను వెలసెను. పలుచోట్ల ఆ కొట్టువాడే కోతనాడు ప్రత్తిని కొనువాడు. పురుగునకు ఏ మందు కొట్టవలెనో చెప్పువాడును ఆయనే! పూర్వపు షావుకారు వెల ఒక్కటే కుదిర్చెడివాడు. ఈ క్రొత్త షావుకారు వైద్యుడు కూడ అయ్యెను. 1980 తరువాత పైరిత్రాయిడు జాతి మందులు వచ్చినవి. మొదట పురుగు రాలినది. రైతు సంతోషించి మరల కొట్టెను. తెల్లదోమ విజృంభించెను; 1980ల నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాలలో అది ప్రత్తి ఆకులను మాడ్చెను. దానికై మరికొన్ని మందులు. 1987-88లో శనగపచ్చపురుగు దండెత్తినది. మందునకు అది లొంగుట మానినదని, దానిలో నిరోధశక్తి ఏర్పడినదని శాస్త్రజ్ఞులు ఆ సీమనుండి తెచ్చిన పురుగులపై పరీక్షించి కనుగొనిరి. రైతు ఇరవై సార్లు కొట్టెను, అంతకు మించియు కొట్టెను. కాయ నిలువలేదు.

ఆ సంవత్సరము గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తిరైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. నాటి పత్రికలలో ఆ వార్తలు చదివినవారికి మొదట నమ్మకము కలుగలేదు. కాలువ ఉన్నది, రోడ్డు ఉన్నది, రైలు ఉన్నది, బజారు ముంగిటనే ఉన్నది. నందన కరవునాడు లేనివన్నియు ఉన్నవి. లేనిది ఒక్కటే. వెలయో పంటయో తప్పిన ఒక్క ఏడాదిని గడుపుటకు ఇంటిలో ఏదియు లేదు. చేనిలో జొన్న లేదు, గాదెలో కంది లేదు, కొట్టులో అప్పు మాత్రము పుట్టెడు ఉన్నది. కరవులో అధికమాసమన్నట్లు ఆ అప్పునకు వడ్డీ నెలనెలకు పెరుగుచుండెను. కౌలురైతు మాట చెప్పనక్కరలేదు; పంట పోయినను కౌలు పోదు. పదేండ్ల పిమ్మట, 1997-98లో, ఇదే కథ వరంగల్లు జిల్లాలో మరల జరిగినది.

ప్రత్తి దెబ్బ తిన్న రైతులలో పలువురు మిరపవైపు ఎక్కువగా మొగ్గిరి. మిరప ఈ సీమకు క్రొత్త పంట కాదు. పోర్చుగీసు నావలపై పదునారవ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చిన ఆ కాయ, మన పచ్చళ్ళను చూచిన పుట్టుకతోనే తెలుగుదనిపించును. గుంటూరు సన్నమునకు భౌగోళిక గుర్తింపును లభించినది. గుంటూరునకు దగ్గరనే లాం గ్రామమున 1922లో వెలసిన వ్యవసాయ పరిశోధనా క్షేత్రమునుండి పలు మిరపరకములు వచ్చినవి. గుంటూరు మిర్చియార్డు ఆసియాలోనే పెద్దదని ప్రసిద్ధి.

మిరపతో పల్లె చరిత్రలో ఒక క్రొత్త పాతర ప్రవేశించినది. ఎండుమిరప బయట నిలువయున్నచో వానలు వచ్చుసరికి రంగు తగ్గును, పురుగు పట్టును. రంగు తగ్గిన కాయకు వెల లేదు. చల్లని గదిలో పెట్టినచో నెలల తరబడి నిగనిగలాడును. గుంటూరు చుట్టును వందకు పైగా కోల్డు స్టోరేజీలు లేచినవి. కళ్ళములో ఎండిన కాయను తాలుకాయనుండి వేరుచేసి, గోనెసంచులలో త్రొక్కి కుట్టుదురు. ఆ సంచిని బజారులో టిక్కీ అందురు. వెల నచ్చిన యార్డులో అమ్ముదురు. నచ్చకున్న టిక్కీలను కోల్డు స్టోరేజీకి చేర్చి రసీదు పుచ్చుకొందురు. ఆ రసీదు మీద బ్యాంకులు అప్పు ఇచ్చును. వేసవిలో యార్డునకు సెలవులిచ్చినను సరుకునకు భయము లేదు. తరువాత తీసి అమ్మినదానిని ఏసీ సరుకందురు. నోరు ఇరుకు, కడుపు వెడల్పు అన్న పాత సూత్రమే. గడ్డికి బదులు అమోనియా యంత్రము.

ఐతే పాతరను గురించి మేము వేసిన ప్రశ్ననే దీనిని గురించియు వేయవలెను. ఇది ఎవరిది? అద్దె భరింపగలవానికి, రసీదు తన పేరున పొందగలవానికి ఇది కల్పవృక్షము. కమీషను వ్యాపారివద్ద పెట్టుబడి తెచ్చిన చిన్న రైతునకు సరుకు ఏనాడు అమ్మవలెనో నిర్ణయించు స్వేచ్ఛ తక్కువ. 2017 వేసవిలో మిరప వెల ఒక్కమారుగా పడిపోయినప్పుడు ఈ తేడా కన్నులకు కట్టినది. క్వింటాలు ఐదువేల రూపాయల చొప్పున కొనుటకు కేంద్రప్రభుత్వము జోక్యము చేసికొనవలసి వచ్చెను. 2021-22లో నల్లతామర పురుగు పూతను నాశనము చేసెను. 2025లో మరల వెల దిగగా, 11,781 రూపాయలను కనీసపు వెలగా నిర్ణయించిరి. కౌలురైతులకు అప్పు అందించుటకై 2011లో ఒక చట్టము, 2019లో మరియొక చట్టము చేసిరి. భూమి యజమాని సంతకము పెట్టుటకు వెనుకాడినంతకాలము ఆ కార్డులు చాలమందికి అందనే అందవు.

ఈ చిక్కునకు విరుగుడు తెలుగుదేశములో లేకపోలేదు. అది చూచుటకు గుంటూరు విడిచి కొంచెముసేపు తెలంగాణమునకు పోవలెను. నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో 1956లో ఎ. కె. విశ్వనాథరెడ్డిగారు ఒక సహకార గ్రామీణ బ్యాంకును స్థాపించిరి. అదియు గుంటూరు మెట్ట వంటిదే; నది లేదు, పెద్ద కాలువ లేదు. ఆ సంఘము తన సరిహద్దును పదునాలుగు గ్రామములకు పరిమితము చేసికొనెను. పెద్దది కావలెనను ఆశ పడలేదు. అప్పు ఇచ్చెను, ఎరువును విత్తనమును తానే అమ్మెను, కోతనాడు ధాన్యమును ప్రత్తిని తానే కొనెను, వడ్లమిల్లు, ప్రత్తిజిన్ను తానే నడిపెను. అప్పు ఇచ్చిన చేయియే పంటను అందుకొన్నది. కాని ఆ చేయి రైతులదే. లాభము వచ్చినచో మరల సభ్యునకే చేరును. 1954 నాటి నివేదిక కాగితముపై చెప్పినదానిని ఈ పల్లెవారు రెండేండ్లలో నేలపై మొదలుపెట్టిరి. మన రాష్ట్రమున తక్కిన సంఘములు 1964 చట్టము క్రింద ప్రభుత్వపు చేతికర్రగా మారిన కాలమునను ముల్కనూరు తన లెక్క తాను చూచుకొనెను. సర్కారు పెత్తనము లేని సంఘములకు 1995లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చినది. 2002లో అచ్చటి స్త్రీలు తమ సొంత పాలడెయిరీని ప్రారంభించిరి.

పాలు అనగానే మరల గుంటూరు గుర్తునకు వచ్చును. వడ్లమూడిలో 1977లో వెలసిన సంగం డెయిరీ ఈ సీమ పల్లెలకు చేసిన మేలును ఆర్థికశాస్త్రజ్ఞులు లీటర్లలో లెక్కింతురు. మేము మరియొక విధముగా లెక్కింతుము. రెండు గేదెలు గల ఇంటిలో ఉప్పు పప్పు ఖర్చు పాలమీద గడచును. ఆ ఇంటివాడు మిరపను మరునాడే అమ్మవలసిన పని లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేకోద్యమము నడిపిన స్త్రీలనుండి ఊపిరి పోసికొన్న పొదుపు సంఘములును అట్టివే. రోజునకు రూపాయి దాచిన ఆ స్త్రీలకు పిల్లవాని జ్వరమునాడు షావుకారు గడప త్రొక్కవలసిన అవసరము తప్పినది. నడుమ సూక్ష్మఋణ సంస్థలు ఆ సంఘముల నీడలోనే చొరబడి వారము వారము వసూళ్ళతో పీడించుటయు, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సుతో వానిని అరికట్టుటయు మనము చూచితిమి. గాదె క్రింది పందికొక్కు ఏ కాలమునకు ఆ కాలపు వేషము వేసికొనును.

గుంటూరు కేంద్రముగా రైతు సాధికార సంస్థ 2016నుండి నడపుచున్న ప్రకృతి వ్యవసాయమును ఈ దృష్టితోనే చూడవలెనని మా అభిప్రాయము. దిగుబడి హెచ్చునా తగ్గునా యని పండితులు వాదించుచున్నారు, వాదింపనిండు. మందును ఎరువును ఇంటనే చేసికొన్న రైతు కోతనాటికి కొట్టువానికి బాకీ పడడు. వానలకు ముందే నవధాన్యములను కలిపి చల్లుమని వారు చెప్పు పద్ధతి చూచినప్పుడు, ఒకే చేనిలో జొన్న, కంది, వరిగ సాళ్ళు పట్టిన ముత్తాతలు మాకు గుర్తునకు వచ్చిరి. ఈ పని ఊరూర స్త్రీల పొదుపు సంఘముల ద్వారా నడచుచుండుటయు గమనింపదగినది.

మేము కడపటిమారు నల్లపాడు వైపు పోయినప్పుడు ఫాల్గుణమాసము. వినుకొండ తట్టునుండి వచ్చిన ఒక కౌలురైతు టీ దుకాణము ముందు ట్రాక్టరు నిలిపి, సంచులపై కప్పిన పట్టాను బిగించుచుండెను. నలువది టిక్కీలు తెచ్చెనట. సగము ఆ దినమే యార్డులో అమ్మునట. సగము కోల్డు స్టోరేజీలో పెట్టునట. వెల పెరుగువరకు ఆగెదవా యని అడిగితిమి. ఆగుదునని తల ఊపెను. మరి రసీదు ఎవరి పేరున వ్రాయింతువని అడిగితిమి. కమీషను వ్యాపారి పేరుననేనని చెప్పి, టీ డబ్బులు ఇచ్చి, ట్రాక్టరు ఎక్కెను.